నత్త ఎంచుకున్న కాలం

కొండ అవతల ఎప్పటికీ ఎండని చెలమ ఉందని విన్నది నత్త. గుడ్లు పెడితే అక్కడే పెట్టాలని పట్టుబట్టింది.

"ఎండాకాలం వెళ్లవే, దారి అద్దంలా ఉంటుంది," అన్నాడు తొండ మామ.

నమ్మి బయల్దేరింది. సగం కొండెక్కేసరికి బండ పెనంలా కాలింది. గుల్ల మూత బిగించుకుని, ప్రాణాలు ఉగ్గబట్టుకుని బండకే అతుక్కుపోయింది.

తొలకరి పడగానే మూత తెరుచుకుని మళ్లీ కదిలింది. బండ సందులో వానకు ముడుచుకున్న తొండ మామ కేకేశాడు: "పిచ్చిదానా, దారంతా బురద! ఎండ రానీ!"

"నీకు బురద మామా! పొట్టతో పాకే నాకు ఇదే రాచబాట," అంటూ నత్త ఆగకుండా పైకి సాగింది.

చెలమ ఒడ్డున పుట్టిన పిల్లలకు అది చెప్పిన మొదటి మాట ఇదే: "ఎవరినైనా దారి అడిగే ముందు, వాళ్ల కాళ్లు చూడండి."