ఆగని బస్సు

రాయి తగిలి బస్సు ముందద్దం భళ్లున పగిలింది. డ్రైవరు నుదుటి మీది నెత్తురు తుడుచుకుంటూ దిగి, స్టాపులో నిలబడ్డ ముసలాయన కాలరు పట్టుకున్నాడు.

"చంపేద్దామనుకున్నావా?"

ముసలాయన చేతికర్రతో అతని మోచేతి మీద ఒక్కటిచ్చాడు. "చెయ్యెత్తితే ఆపకుండా పోతావా? మనిషిలా కనబడలేదా నీకు?"

"రోజూ ఆపాను. రోజూ తలుపు దాకా వచ్చి, ఎన్నో నంబరని అడిగి, ఐదు కాదా, అయితే పొమ్మంటావు. విసుగొచ్చి ఇవాళ ఆపలేదు." డ్రైవరు ఆయన్ని స్తంభానికేసి గుద్దాడు. "నా బస్సు మీద ఎనిమిదని ఇంత లావున రాసుందిగా. చదువుకోలేవూ?"

ముసలాయన పెదవి చిట్లింది.

"కనబడితే నిన్నెందుకడుగుతానయ్యా? నాకు అన్నీ నీడలే."

"మరి రాయెలా తగిలింది?"

"అంత పెద్దదానికి తగలక చస్తుందా?"

దూరంగా ఇంకో బస్సు చప్పుడయింది. కాలరు ఇంకా డ్రైవరు గుప్పిట్లోనే ఉంది. అయినా ముసలాయన అలవాటుగా చెయ్యెత్తాడు.

"అదెన్నో నంబరు బాబూ?"

"ఐదే."

"ఆపుతున్నాడా?"

బస్సు వేగం తగ్గలేదు. పైగా ఆ డ్రైవరు ముసలాయన్ని చూసి, స్టాపుకి ఎడంగా రోడ్డు అవతలి పక్కకి కోసి మరీ వస్తున్నాడు.

ఎనిమిదో నంబరు డ్రైవరు కాలరు వదిలేసి, వంగి రాయి తీశాడు.