ముందు వరుస

"ఆ ముసలాయన్ని మా వరుసలో ఎవరు కూర్చోబెట్టారు?"

నల్లసూటు పెద్దమనిషి నేరుగా రిసెప్షన్ దగ్గరికొచ్చి అడిగాడు.

చరిత లేచి నిలబడింది.

"నేనే సర్. మీ బంధువే కదా?"

"మా నాన్న పోయి నేనేడుస్తుంటే పక్కన ముక్కూమొహం తెలియని మనిషి! పైగా ఒక్కడికి రెండు కుర్చీలు!"

చరిత హాల్లోకి తొంగి చూసింది. శవపేటిక ఎదుట, ఇంటివాళ్లు కూర్చునే ముందు వరుసలో, పాత కోటు వేసుకుని ముసలాయన తల వంచుకుని ఉన్నాడు. పక్క కుర్చీలో ఆడవాళ్ల నల్ల లేసు స్కార్ఫ్ ఒకటి మడతపెట్టి ఉంది.

టొరంటో పక్కన వుడ్‌బ్రిడ్జ్ ఇటాలియన్ల పేట. చివరిచూపుకి శవాన్ని ఉంచే అక్కడి ఫ్యూనరల్ హోమ్‌లో చరిత రిసెప్షనిస్టు. బ్రాంప్టన్‌లో అద్దెకుంటున్న బేస్‌మెంట్ నుంచి బస్సులు మారి వస్తుంది. బంధువులైతే ముందుకి, స్నేహితులైతే వెనక్కి పంపడం ఆమె పని.

పొద్దున ముసలాయన వచ్చి, "ఎస్పొజిటో" అన్నాడు. పోయినాయన ఇంటిపేరు కూడా అదే.

"బంధువులా?" అని అడిగింది.

ఆయన కాసేపు ఆలోచించి, "కావచ్చు" అన్నాడు.

ఇంటిపేరు కలిసింది. తెలుగుపిల్లకి ఇంకేం సాక్ష్యం కావాలి? చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు కూర్చోబెట్టింది. ముసలాయన కళ్లు చెమర్చాయి. పోయినాయన మీద ప్రేమ కాబోలు అనుకుంది.

సాయంత్రం వరంగల్‌లో ఉన్న తల్లికి ఫోన్లో చెప్పింది.

"ఒక్కటే ఇంటిపేరంటే పాలోళ్లే గదనే," అంది జానకమ్మ. "ఆళ్లకు ఈయన తెల్వకపోవుడేంది? పొలం పంచాయితి ఉన్నదేమో అడుగు."

"ఇక్కడ పొలాలెక్కడివే అమ్మా!"

"మరి గా ముసలాయన ఎవరోల్లు?"

చరితకి తెలియదు. మర్నాడు మేనేజర్ రీటాని అడిగితే ఆమె నవ్వేసింది.

"పూర్వం ఇటలీలోని నేపుల్స్‌లో పెంచలేని పసిబిడ్డల్ని తల్లులు చర్చి దగ్గర వదిలేసేవాళ్లు. ఎవరి బిడ్డలో తెలియదు. అందుకని వాళ్లకి ఎస్పొజిటో అని పేరు పెట్టేవాళ్లు. వదిలేసిన బిడ్డ అని అర్థం. వాళ్ల వంశాలే తర్వాత ఓడలెక్కి న్యూయార్క్, బ్యూనస్ ఎయిరిస్, మాంట్రియల్ అన్నిచోట్లకీ వెళ్లాయి. మన పేటలోనూ బోలెడుమంది. పేరు ఒకటే గానీ ఎవరికి ఎవరూ ఏమీ కారు."

"అంటే ఎవరికి ఎవరైనా కావచ్చు కదా?"

రీటా నవ్వు ఆగిపోయింది.

"చూడు చరితా, ఆయన అన్ని ఫ్యూనరల్ హోములకీ తిరుగుతాడట. కాఫీ, బిస్కెట్ల కోసం. మళ్లీ వస్తే గుమ్మంలోనే ఆపు. లేదంటే ఆయనతోపాటు నువ్వూ బయటికెళ్లాలి."

ఈ ఉద్యోగం దొరకడానికి చరిత కాళ్లరిగేలా తిరిగింది. సరేనంది.

చలి ముదిరాక మరో ఎస్పొజిటో పోయాడు. మంచులో తడుస్తూ ముసలాయన వచ్చాడు. చరితని చూడగానే సొంత మనిషిని చూసినట్టు మొహం విప్పారింది. చొరవగా ముందు వరుస వైపు నడవబోయాడు.

చరిత అడ్డం నిలబడింది.

"సారీ సర్. లోపలికి కుటుంబసభ్యులు, స్నేహితులకే."

"మొన్న నువ్వే కదా కూర్చోబెట్టావు?"

"అది... పొరపాటు."

"పొరపాటా?"

చరిత మొహం తిప్పుకుంది. ముసలాయన చేతిలోని స్కార్ఫ్‌ని మెల్లగా కోటు జేబులో పెట్టుకున్నాడు.

"లోపల జనం ఉన్నారా అమ్మాయ్?"

"హాలు నిండా ఉన్నారు."

"మంచిది," అని వెనక్కి తిరిగాడు.

గుమ్మం పక్కనే బల్ల మీద వేడి కాఫీ ఉంది. ఆయన అటు చూడనైనా లేదు. కాఫీ కోసం కాకపోతే మరి దేనికొస్తున్నట్టు? చరితకి ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. తర్వాత ఇంకో ఎస్పొజిటో పోయినా ఆయన రాలేదు.

మంచు కరిగాక ఒకరోజు హాలు బయట కొత్త ఫొటో పెట్టారు. పోయినవాళ్ల ఫొటో అక్కడే పెడతారు. చరిత దగ్గరికెళ్లి చూసింది.

ఆ ముసలాయనే.

కింద పేరు మాత్రం రెన్జో మోరెల్లి అని ఉంది.

ఫొటో పక్కన నడివయసు స్త్రీ నిలబడి ఉంది. ఆమె చేతిలో అదే నల్ల స్కార్ఫ్.

"మేడమ్, ఈయన ఎస్పొజిటో కాదా?"

"కాదు. అది మా అమ్మ పుట్టింటి పేరు. నేను ఈయన కూతుర్ని."

చరిత ఆ స్కార్ఫ్ వైపు చూసింది.

"అమ్మ చిన్నప్పుడే వాళ్ల నాన్నతో ఇక్కడికి వచ్చింది. ఆయన పోయాక తన వైపు ఒక్కరూ మిగల్లేదు. పెళ్లిరోజు చర్చిలో నాన్న వైపు జనం కిక్కిరిసిపోయారట. అమ్మ వైపు బెంచీలన్నీ ఖాళీ."

ఆమె స్కార్ఫ్ నిమిరింది.

"అందుకే పేపర్లో ఏ ఎస్పొజిటో పోయాడని చూసినా, మావాళ్లు కావచ్చు రెన్జో అనేది. నాన్న కారు తీసేవాడు. అమ్మ పోయాక ఈ స్కార్ఫ్ పట్టుకుని ఆయనొక్కడే వెళ్లేవాడు. అందరూ వెనక నిలబెట్టేవాళ్లు. ఒక్కచోట మాత్రం ఎవరో ఇండియా అమ్మాయి చెయ్యి పట్టుకుని ముందు వరుసలో కూర్చోబెట్టిందట. మీ అమ్మ పుట్టింటివాళ్లు ఇన్నాళ్లకి నాకు మర్యాద చేశారే అని ఎంత సంబరపడ్డాడో!"

రెండోసారి సంగతి ఆయన ఇంట్లో చెప్పినట్టు లేదు. చరిత కూడా చెప్పలేకపోయింది. చెప్పలేకపోయినందుకు ఇంకా సిగ్గేసింది. ఆ స్కార్ఫ్ అందుకుని, ముందు వరుసలో ఒక కుర్చీ మీద పరిచి వచ్చింది.

బయటికొచ్చి తల్లికి ఫోన్ చేసింది.

"గా ముసలాయన ఎవరోల్లో తెలిసిందానే?" అడిగింది జానకమ్మ.

"తెలిసిందమ్మా," అంది చరిత. "ఇంటల్లుడు. గుమ్మంలకెళ్లే ఎల్లగొట్టిన."