బావకి ఒక సీను కావాలి

క్లిక్‌మని తలుపు పడింది.

"విన్నావా! ఇప్పుడు కిర్రుమనడం లేదు," అన్నాడు భర్త మురిసిపోతూ.

"సంతోషం. తియ్యండి, అవతల నాకు బోలెడు పనుంది," అంది రచయిత్రి.

ఆయన తలుపు వైపు తిరిగి ఆగిపోయాడు. లోపలివైపు పిడి ఉండాల్సిన చోట వేలు దూరేంత కన్నం మాత్రం ఉంది.

"నూనె వేద్దామని పిడి ఊడదీశానే... బయట స్టూలు మీద మర్చిపోయినట్టున్నాను," అన్నాడు నిక్కరు జేబులో చెయ్యి పెట్టుకుని, బిక్కమొహం వేస్తూ.

రచయిత్రి ప్రాణం ఉసూరుమంది. అది పాత సామాన్లు పడేసే గది. మనుషులిద్దరూ నిలబడ్డాక గాలికి కూడా చోటు మిగల్లేదు. కిటికీ అని ఒకటుంది, పైకప్పు దగ్గర, పిల్లి కూడా దూరలేనంత చిన్నది. పక్కగదిలో బల్లమీద ఆమె ఫోను మోగడం మొదలుపెట్టింది. ఎవరో చూడక్కర్లేదు. సీరియల్ దర్శకుడు.

"మధ్యాహ్నంలోగా సీను చేతికి రాకపోతే వేరే రైటరు చేత రాయిస్తానన్నాడండీ! ఇన్నాళ్ళూ బిడ్డలా సాకిన సీరియల్ పరాయివాళ్ళ చేతుల్లోకి పోతుంది. తెలుస్తోందా మీకు?"

"అయ్యో!" అన్నాడు ఆయన. ఆ అయ్యోలో ఏ కల్మషమూ కనిపించలేదు. అందుకే ఆమెకి మరీ ఒళ్ళు మండింది.

ఆ సీరియల్లో తికమక బావ అంటే జనం పడిచస్తారు. మనసు వెన్న, బుర్ర గుల్ల. పక్కింటావిడ ఊరెళితే, పాపం వాడిపోతాయని ఆవిడ ప్లాస్టిక్ మొక్కలకి రోజూ నీళ్ళు పోస్తాడు. అత్తగారి కళ్ళద్దాలు తళతళలాడాలని గిన్నెల పీచుతో తోమేస్తాడు. ఎంత కల్పనాశక్తి అమ్మా మీకు, అంటాడు దర్శకుడు. కల్పనా లేదు, కాకరకాయా లేదు. అవన్నీ ఇప్పుడు ఎదురుగా నిలబడ్డ ఈ మనిషి చేసినవే. పైగా వాటిని టీవీలో చూసి పొట్ట పట్టుకుని నవ్వుతాడు. "నిజంగా ఇలాంటివాళ్ళు ఉంటారంటావా?" అని అడుగుతాడు. అడిగిన ప్రతిసారీ ఆమె సిగ్గుతో చచ్చిపోతుంది. నిజం చెప్పే ధైర్యం మాత్రం ఏనాడూ రాలేదు.

మొన్నటిదాకా ఆయన జ్వరంతో మంచం దిగలేదు. సీరియల్లో బావ కూడా కదల్లేదు. అలిగి మాటలు మానేసిన మరదలి చేత అతను మళ్ళీ ఎలా మాట్లాడించాలి? ఆ ఒక్క సీను కోసం ఆమె బుర్ర బద్దలు కొట్టుకుంది. జ్వరంతో మూలుగుతున్న మనిషి పక్కన కూర్చుని, ఈయన ఎప్పుడు లేచి ఏం తింగరి పని చేస్తాడా అని ఎదురుచూసినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది కూడా.

"ఆ కన్నంలో ఏదైనా పెట్టి తిప్పండి!"

ఆయన పాత గొడుగు పుల్ల దూర్చి తిప్పాడు. పుల్ల విరిగి లోపలే ఇరుక్కుంది. దాన్ని పీకడానికే కాసేపు పట్టింది.

"పోనీ కిటికీలోంచి ఎవరినైనా కేకెయ్యండి."

ఆయన ట్రంకుపెట్టె ఎక్కి, కిటికీకి నోరు ఆనించి, "ఏవండీ... ఎవరైనా ఉన్నారా..." అన్నాడు గుసగుసగా.

"అదేం కేకండీ! గట్టిగా అరవండి!"

"పక్కింట్లో పసిపిల్ల ఇప్పుడే పడుకుందే. లేస్తే ఆ తల్లికి మళ్ళీ ఎంత అవస్థ!"

ఆమె తల పట్టుకుని కూలబడింది. ఒళ్ళంతా చెమటలు. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టుంది. ఫోను మళ్ళీ మోగుతోంది. ఆమె అవస్థ చూసి ఆయన కరిగిపోయాడు. మూలనున్న పాత టేబుల్ ఫ్యాను లాగి, ప్లగ్గులో పెట్టి, ఆమె వైపు తిప్పాడు. అది ఏళ్ళ తరబడి దాచుకున్న దుమ్మంతా ఒక్కసారిగా ఇద్దరి మొహానా కొట్టింది.

"చల్లగా ఉందా?" అన్నాడు ఆయన, బూడిదరంగు మొహంలో కళ్ళు టపటపలాడిస్తూ.

తిడదామని నోరు తెరిచింది. తిట్టు రాలేదు, నవ్వొచ్చింది. ఆపుకోబోతే దగ్గొచ్చింది, దగ్గు తగ్గాక ఇంకా పెద్ద నవ్వొచ్చింది. అలా నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగిపోయింది.

మరదలూ బావా ఒకే గదిలో. పిడి లేని తలుపు. గుసగుసగా కేకలు. దుమ్ము కొట్టే ఫ్యాను. ఇంక అలక ఎంతసేపు నిలుస్తుంది?

"దొరికింది!" అని గంతేసింది.

"ఏమిటే?"

"ఏం లేదు," అంది తడబడి. అంతలో ఫోను ఆగిపోయింది. చెవులు రిక్కించింది. మళ్ళీ మోగలేదు. "ఏం దొరికితే ఏం లాభం? ఇక్కణ్ణించి కదిలే దారేదీ? అంతా అయిపోయిందండీ." ఆమె చెంపల మీద దుమ్ములో కన్నీళ్ళు చారికలు కట్టాయి.

ఆయన ఆ చారికల్ని బొటనవేలితో తుడిచాడు. తర్వాత నిక్కరు జేబులోంచి తలుపు పిడి తీసి, కన్నంలో పెట్టి తిప్పాడు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

ఆమె ఆ పిడిని ముట్టుకుని చూసింది.

"ఆ దర్శకుడికి ఫోను చేసి, త్వరగా రాసుకో," అన్నాడు ఆయన. "జేబులో పిడి ఉన్న సంగతి మాత్రం రాయకు. మన బావకి అంత తెలివుందంటే ఎవరూ నమ్మరు."