అరవై వాక్యాలు, ఒక సంతకం

“ముప్పై రాశాను. ఇంక నావల్ల కాదు. వేళ్ళు ఊడిపోతున్నాయి!” అంటూ సిడోనీ కలాన్ని దువ్వెనల మధ్యకి విసిరేసింది.

“రాయకు. సోమవారం క్లాసంతా సముద్రానికి పోతుంది. నువ్వు చిన్నపిల్లల తరగతిలో కూర్చుని బాతుబొమ్మకి రంగులేసుకో,” అన్నాడు గేతాన్, ముసలి తెసియే గారి గడ్డానికి నురగ పూస్తూ.

బుధవారం బడి లేదు కాబట్టి పదేళ్ళ సిడోనీ మకాం నాన్న సెలూన్లోనే. క్లాసులో వాగినందుకు పెల్తియే టీచరమ్మ వేసిన శిక్ష చిన్నదేం కాదు. ‘అడిగితేనే మాట్లాడతాను’ అన్న వాక్యాన్ని నేను, నువ్వు, ఆమె, మనం, మీరు, వాళ్ళు అని ఆరు రకాలుగా, ఒక్కొక్కటి పదేసిసార్లు రాయాలి. అదీ ‘అయితే గియితే’ రూపంలో. జరగని పని జరిగితే ఎలా ఉంటుందో చెప్పడానికే ఫ్రెంచి భాషలో ఆ రూపం ఉంది. సిడోనీ నోరు మూసుకోవడం సరిగ్గా అలాంటి పనే. రాసినదాని అడుగున ఇంట్లోవాళ్ళ చేత సంతకం పెట్టించి రేపు పొద్దున్నే ఇవ్వాలి. ఇవ్వకపోతే సముద్రమూ లేదు, పడవా లేదు.

“నాన్నా, నాలుగింటికి ఈత పరీక్ష కూడా ఉంది. అది తప్పినా పడవెక్కనివ్వరు,” అని సిడోనీ నిజంగానే ఏడుపు మొదలుపెట్టింది.

గేతాన్ గుండె వెన్నలా కరిగిపోయింది. “నువ్వు ఈతకి పో తల్లీ. మిగతా సగం నేను చూసుకుంటా.”

పిల్ల తూనీగలా ఎగిరిపోయింది. తెసియే గారిని నురగతోనే వదిలేసి, గేతాన్ కూతురి పుస్తకం ముందు కూర్చున్నాడు. కూర్చున్నాక తెలిసింది, తనకి ‘మనం’ దగ్గరే బండి ఆగిపోయిందని.

“‘మనం’ అంటే మాట చివర ఏమొస్తుంది?”

“రియోఁ!” అని అరిచింది, జుట్టు ఆరబెట్టే గిన్నె కింద కూర్చున్న వోక్లాన్ గారు. ఆ గిన్నె హోరులో తన గొంతు తనకే వినబడదు, అందుకని వీధంతా వినబడేలా మాట్లాడుతుంది. “మనం మాట్లాడతాం, పార్లెరియోఁ! ఇది కూడా తెలీదుటయ్యా, ఇంతమంది తలలు గొరిగావు!”

“‘మీరు’ అంటే రియే!” అన్నాడు నురగలోంచి తెసియే గారు. “చిన్నప్పుడు తొడపాశం పెట్టి నేర్పించారు నాకు. చచ్చినా మర్చిపోను.”

“అయితే మొదట్నించీ చెప్పండి చూద్దాం!”

అంతే. పిచ్చి పట్టినట్టు అందరూ అందుకున్నారు. “పార్లెరే, పార్లెరే, పార్లెరే! పార్లెరియోఁ, పార్లెరియే, పార్లెరే!” పార్లెరేలు నాలుగూ నోటికి ఒకటే, రాతకొచ్చేసరికి ఒక్కోదానికి ఒక్కో తోక. గేతాన్ కత్తెరతో తాళం వేశాడు. రొట్టె పట్టుకుని వీధిన పోతున్న ఒకావిడ తలుపులోంచి తల పెట్టి, ఒక వరస పాడి, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

గేతాన్ నాలుక బయటపెట్టి, అచ్చం కూతురిలాగే గుండ్రంగా, కొంచెం వంకరగా ముప్పై వాక్యాలూ దించేశాడు. కింద తన సంతకం గీశాడు.

“పెల్తియేని మోసం చేస్తావా? ఆవిడ డేగ,” అంది వోక్లాన్ గారు.

“ఆవిడకి అరవై దాటాయండీ. కళ్ళజోడు లేందే తన పేరే చదవలేదు,” అన్నాడు గేతాన్ ధీమాగా. ధీమా పైకే. నిద్రలో కూడా పార్లెరియోఁ అని కలవరించాడని మర్నాడు వాళ్ళావిడ చెప్పింది.

గురువారం సాయంత్రం సిడోనీ తలుపు తోసుకుని వచ్చింది. మొహంలో నవ్వో ఏడుపో తెలియడం లేదు. పుస్తకం తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. పిల్ల సముద్రప్రయాణాన్ని తన చేతులారా ముంచేశానేమోనని గేతాన్ భయం.

ఎర్రసిరాతో ఉంది. “సిడోనీ, నీ ముప్పై వాక్యాలూ ముచ్చటగా ఉన్నాయి. నీకు అంతే చాలు. సోమవారం తువ్వాలు మర్చిపోకు.”

గేతాన్ కూతుర్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. కుర్చీలోని మనిషి సగం గొరిగిన గడ్డంతోనే చప్పట్లు కొట్టాడు. ఎవరో మళ్ళీ పార్లెరే అని ఎత్తుకున్నారు.

“నాన్నా, ఆగు! వెనక పేజీలో ఇంకా ఉంది. నీకట.”

గేతాన్ పేజీ తిప్పాడు.

“గేతాన్, నీ ముప్పై శుక్రవారానికి మళ్ళీ రాసి పట్టుకురా. చిన్నప్పటిలా కాకుండా, ఈసారైనా మీ అమ్మ సంతకం మీ అమ్మ చేతే పెట్టించు.”