నర్సింగానికి ఏదో అయింది

సోమవారం పొద్దున నర్సింగం చాయ్ తాగి, ఖాళీ గ్లాసు తనే కడిగి బోర్లించాడు. పైగా భార్యతో, "చాయ్ మంచిగుంది దేవికా, థ్యాంక్స్" అన్నాడు.

దేవిక చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట తన పేరు వినడమే తక్కువ. "ఏమే", "యాడ సచ్చినవ్" తప్ప మూడో పిలుపు ఆమె ఎరగదు.

ఆ కంగారులో రాత్రి పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది. ఇంకేముంది, ఇల్లు పీకి పందిరేస్తాడు అనుకుంది. నర్సింగం కళ్లు మూసుకున్నాడు. నిండుగా ఊపిరి పీల్చి వదిలాడు.

"పప్పుల ఉప్పు లేదు. నాకు జర బాధనిపించింది. కానీ నువ్వు అలసిపోయినవని సమజైంది."

పక్కన కూర్చున్న కూతురు ముద్ద నోట్లో పెట్టుకోవడం మానేసి తండ్రినే చూస్తోంది.

మర్నాడు చీపురు పట్టాడు. ఆ తర్వాత టీవీ కట్టేసి మరీ తల్లి ఆగమ్మ మోకాళ్ల నొప్పుల పురాణమంతా విన్నాడు. నడుమ నడుమ తల ఊపుతూ, "అప్పుడు నీకెట్ల అనిపించిందవ్వా?" అని కూడా అడిగాడు.

ఆగమ్మ కుంటుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"బిడ్డా, వీనికేదో అయింది. వీని నాయన గూడ పోయే ముంగట గిట్లనే మంచిగ మాట్లాడిండు."

తిడితే తిట్టాడు, మనిషి ఉంటే చాలు అనుకుంది దేవిక. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపాయల అమ్మవారికి మొక్కుకుంది. శుక్రవారం ఆయన్ని దవాఖానకు లాక్కుపోయింది.

డాక్టరు బీపీ చూశాడు, షుగర్ చూశాడు, గుండె చూశాడు.

"అంతా మంచిగనే ఉంది. అసలు తకలీఫ్ ఏందమ్మా?"

"నన్ను తిడ్తలేడు సారూ!"

డాక్టరు బలానికి మాత్రలు రాసిచ్చాడు. బండి మీద ఇంటికొస్తుంటే నర్సింగం, "భయపడ్డవా? చెప్పు, నేను వింటున్న" అన్నాడు. దేవికకు ఏడుపు ఇంకా ఎక్కువైంది.

శనివారం సాయంత్రం గుమ్మంలోంచి చెప్పులు ఎగిరి వచ్చి సోఫా కింద పడ్డాయి.

"ఏమే! చాయ్ ఏది? చెవులు గిన వినవడ్తలేవా?"

దేవిక కళ్లు చెమర్చాయి. అమ్మవారు మొర విన్నది. పరుగున చాయ్ పట్టుకెళ్లి ఇచ్చింది. "బతికిండు నా కొడుకు" అని ఆగమ్మ రెండు చేతులూ జోడించింది.

కూతురు బడి సంచి దింపుతూ వంటింట్లోకి వచ్చింది.

"హోంవర్క్ అయిపోయింది గదమ్మా, ఇంక గట్లనే ఉంటడు."

"ఏం హోంవర్కే?"

"మా బడిల కొత్తగ మంచి ప్రవర్తన పీరియడ్ పెట్టిండ్రు. ఇంట్ల డాడీ ఎట్ల మాట్లాడ్తడో వారమంత చూసి క్లాసుల చెప్పాలె. నేను చెప్పంగనే సార్ అందరితోని చప్పట్లు కొట్టిచ్చిండు. తండ్రంటే గట్లుండాలె అన్నడు."

దేవికకు ఆ సారు మీద ఎక్కడలేని గౌరవం పుట్టింది. ఒక్కసారి ఆయన్ని ఇంటికి పిలిచి, మొగుడికి నాలుగు మంచి మాటలు చెప్పించాలనుకుంది.

"ఎవరే ఆ సారు?"

కూతురు ముందు గదిలోకి తొంగి చూసి, గొంతు తగ్గించింది.

"మన డాడీనే, బడిల సార్ అనాలె గదా!"