రెండో కాగితం

"చనిపోయినాయన ఇల్లెక్కడయ్యా అంటే అందరూ బెల్లం కొట్టిన రాయిలా నిలబడతారేం?" కోమల గట్టిగానే అరిచింది.

ఆమె జైళ్ల శాఖలో ప్రొబేషన్ అధికారి. అమ్రాబాద్ దగ్గరి ఆ ఊరికి పొద్దున్నే వచ్చింది. పంద్రాగస్టుకు గవర్నర్ క్షమాభిక్షతో విడుదల కావలసిన యావజ్జీవ ఖైదీల జాబితా తయారవుతోంది. అందులో ఈ ఊరి లింగస్వామి పేరుంది. ఆ పేరు ఉంటుందా, పోతుందా అన్నది కోమల సంచిలోని రెండు కాగితాలు తేల్చాలి. ఒకటి ఖైదీ ఇంటివాళ్లది, వస్తే ఇంట్లో పెట్టుకుంటామని. రెండోది హతుడి ఇంటివాళ్లది, వదిలితే మాకు అభ్యంతరం లేదని. హతుడి గురించి జైలు నుంచి ఆమెకు అందింది ఒక్క ముక్కే: మైసయ్య, అదే గ్రామం.

"నీళ్ల లొల్లి మేడం. బోరు కాడ పారతోని ఒక్కటే దెబ్బ," అన్నాడు పెద్దమనిషి ఐలేశం. అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు చెప్పే రకం.

"అది నేనడగలేదు. ఇల్లేదీ?"

ఐలేశం కానిస్టేబుల్ కమలాకర్ వైపు చూశాడు. కమలాకర్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. "ముందుగాల లింగస్వామి తల్లి కాడికి పోదాం మేడం. ముసలామె పొద్దటిసంది ఎదురుచూస్తాంది."

ఉప్పలమ్మ వాకిట్లోనే ఉంది. డెబ్బై దాటిన మనిషి. కోమల చేతులు రెండూ పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. గోడలకు కొత్త సున్నం. మంచమ్మీద మడత విప్పని లుంగీ, దువ్వెన, కొత్త చెప్పులు. గోడకు దండ వేసిన ఫొటో ఒకటుంది. దండ ముఖాన్ని కప్పేసింది. భర్తదై ఉంటుందిలే అనుకుంది కోమల.

"పన్నెండేండ్లు బిడ్డా! నెలనెలా ములాఖత్‌కు పోయిన. మోకాళ్లు పడిపోయి గీ రెండేండ్లసంది పోతలేను. ఆని మొఖం మర్సిపోతనేమోనని బుగులైతాంది."

"వస్తే ఇంట్ల పెట్టుకుంటవా అవ్వా?"

"గదేం మాట? కన్నకొడుకును ఇంకేడ పెట్టుకుంటరు? నా కండ్లు మూసేదాంక బువ్వ పెడత. సచ్చినంక నాకు కొరివి వెట్టేది ఆడే. రాస్కో."

కోమల రాసుకుంది, చదివి వినిపించింది. ఉప్పలమ్మ బొటనవేలు ఇంకులో అద్ది, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా నొక్కింది. నొక్కి, ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. ఎలాగైనా ఈ ముసలామెకు కొడుకును తెచ్చి ఇవ్వాలనుకుంది కోమల.

"ఇంకొక్కటే అవ్వా. మైసయ్య వాళ్లు కూడా సరేనంటే ఫైలు హైదరాబాద్ పోతుంది. వద్దంటే ఇక్కడికిక్కడే ఆగిపోతుంది. నువ్వన్నా చెప్పు, వాళ్ల ఇల్లెక్కడ? కాళ్లావేళ్లా పడైనా నేను ఒప్పిస్తా."

ఉప్పలమ్మ లేచి, గోడమీది ఫొటో దింపి, దండ తీసి, కొంగుతో తుడిచి కోమల ముందు పెట్టింది. అందులో ఉన్నది ముసలాయన కాదు. మీసాలు అప్పుడప్పుడే వస్తున్న పిల్లవాడు.

"గిదే ఇల్లు. ఈడు నా చిన్నకొడుకు, మైసడు. పెద్దోని చేతుల పోయిండు."

ఊరంతా ఎందుకు నోరు విప్పలేదో కోమలకు అప్పుడు అర్థమైంది.

"వాళ్ల నాయిన?" అంది.

"ముందే పోయిండు. మైసనికి పెండ్లి గాలే. ఆనికి ఉన్నది నేనొక్కదాన్నే."

అయ్యో పాపం అనుకుంటూనే, పోనీలే, ఒకందుకు మంచిదే అయింది అనుకుంది కోమల. ఇంకొకళ్లను బతిమాలే పని లేదు. అడగడానికేముంది, తల్లే కదా! రెండో కాగితం తీసి, "హతుని తల్లినైన నాకు ఎట్టి అభ్యంతరమూ" అని రాసుకుపోతోంది.

ఇంకు ఆరని వేళ్లు ఆమె చేతిని పట్టుకున్నాయి.

"ఆగు బిడ్డా. నన్ను అడగకుంటనే రాస్తున్నవేంది?"

"అదేంటవ్వా, ఇప్పుడే కదా బువ్వ పెడతనన్నవు..."

"పెడత. లింగని తల్లిని అడిగినవ్, చెప్పిన. గీ కాగితం మైసనిది." ఉప్పలమ్మ ఫొటోను ఒళ్లోకి తీసుకుంది. "ఒక్కటే దెబ్బ అంటరు అందరు. ఉన్న ఒక్కడన్న మిగులుతడని కోర్టుల నేనూ గట్లనే చెప్పిన. మూడు దెబ్బలు బిడ్డా. ఒక్కదానికే మైసడు కూలవడ్డడు. ఇడిసిపెట్టు కొడుకా అని నేను పెద్దోని కాళ్లు వట్టుకున్న. నన్ను తన్నేసి ఇంక రెండు ఏసిండు."

కమలాకర్ గడప దిగి బయటికి వెళ్లిపోయాడు.

"పన్నెండేండ్లల్ల అందరు లింగడు ఎట్లున్నడు, ఎప్పుడస్తడు అనే అడిగిండ్రు. మైసన్ని ఎవ్వరడగలే. నేను గూడ అడగలే. ఇయ్యాల నువ్వడిగినవ్."

ఆమె ఏడుస్తోంది. ఏడుస్తూనే ఇంకు డబ్బా దగ్గరికి జరుపుకుని, బొటనవేలు మళ్లీ అద్దింది.

"మైసని తల్లి ఒప్పుకుంటలేదని రాయి."