ముప్పై ఏడు డిగ్రీలు

డిసెంబరు చలికి సుధామణి పెంచుకునే తాబేలు ముడుచుకుపోయి పది రోజులుగా మేత ముట్టలేదు. కాలేజీలో పాఠాలు చెప్పి అలసిపోయి, ఇంటికి వెళ్ళేదారిలో ఆమె ఆటోనగర్‌లో నాగులు ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు దగ్గర ఆగింది.

"తాబేలు పెట్టె వెచ్చగా ఉంచడానికి గీజర్ థర్మోస్టాట్ సరిపోతుందా అండీ?"

"అదైతే తాబేలు ఉడికిపోద్ది మేడమ్. కోడిపిల్లల పెట్టెకి వాడేది పట్టుకెళ్ళండి," అన్నాడు నాగులు.

చీకటిపడ్డాక పటమటలోని ఇంట్లో, తాబేలుండే గాజుపెట్టె బల్బుకి ఆ థర్మోస్టాట్‌ని బిగించి ముప్పై డిగ్రీల దగ్గర పెట్టింది. బల్బు వెలిగిన నిమిషానికే టక్కుమని ఆరిపోయింది. థర్మోస్టాట్ మీది అంకె ముప్పై ఏడు. గాజు మాత్రం చల్లగా ఉంది. పెట్టె లోపల వేడిని కొలిచే వైరు బయటికి తీస్తే అంకె ఇరవైకి దిగింది. మళ్ళీ లోపల పెడితే ముప్పై ఏడు.

నాగులుకి ఫోన్ చేసి ఆ అంకె చెప్పింది.

"అది మనిషి ఒంటి వేడి మేడమ్. ఎవరన్నా చెయ్యి పెట్టారేమో చూడండి."

"ఇంట్లో నేనొక్కదాన్నేనండీ."

అవతల టక్కున ఫోన్ పెట్టేసిన చప్పుడు.

పెట్టెలో తాబేలు మెడ చాచి, ఎవరో గొంతు నిమురుతున్నట్టు కళ్ళు మూసుకుంది. సుధామణి భయపడుతూనే చెయ్యి లోపలికి పెట్టింది. ఖాళీ గాలిలో ఏదో వెచ్చగా ఆమె వేళ్ళని మెల్లగా పట్టుకుంది.

చెయ్యి వెనక్కి లాక్కునే ఓపిక ఆమెకు లేకపోయింది.